చలి దాచిపెట్టిన పులుపు

హైదరాబాద్‌లో ఏ మెయిన్ రోడ్డు మీదకు వెళ్లినా "వైన్స్" అని పెద్ద అక్షరాల బోర్డు కనిపిస్తుంది. లోపల వైన్ ఎక్కడుందో మాత్రం వెతుక్కోవాలి. కౌంటర్ ముందు నిలబడ్డవాళ్లు అడిగేది విస్కీ, బ్రాండీ, బీరు. వైన్ సీసాలు పై అరలో ఓ మూలన, ట్యూబ్‌లైటు కింద, మెడ మీద దుమ్ముతో నిలబడి ఉంటాయి. తెలుగులో "వైన్స్" అనేది షాపు పేరైపోయింది, సరుకు పేరుగా మిగల్లేదు. ఆ అరలో ఎర్రవి పోగా మిగిలిన కొద్దిపాటి తెల్ల వైన్లలో, పెద్ద షాపుల్లోనైతే, ఫ్రాన్స్ నుంచి వచ్చిన షాబ్లీ అప్పుడప్పుడు దొరుకుతుంది. చలి ప్రాంతపు ద్రాక్షతో చేసి, ఎక్కువ భాగం ఓక్ చెక్క పీపా వాసన తగలకుండా సీసాకెక్కే వైన్ ఇది.

ధైర్యం చేసి కొన్నవాళ్లలో చాలామంది మొదటి గుక్కకే అనే మాట, "ఇదేంటి, పుల్లగా ఉంది?" అలా అనిపించడంలో వింతేమీ లేదు. ఇక్కడ చాలా ఇళ్లకు తెలిసిన వైన్ క్రిస్మస్‌కి నల్లద్రాక్ష, పంచదార, నాలుగు లవంగాలు వేసి జాడీలో ఊరబెట్టినది. అది ఎర్రగా, తియ్యగా, కాస్త సిరప్‌లా ఉంటుంది. ఆ లెక్కన చూస్తే షాబ్లీ చెడిపోయిన సరుకులా తోస్తుంది. కానీ ఫిర్యాదుగా అన్న ఆ "పుల్లగా ఉంది" అనే మాటే షాబ్లీకి సరైన వర్ణన. పులుపు తీసేస్తే అందులో చెప్పుకోడానికి పెద్దగా ఏమీ మిగలదు. అంత చలిలో దాన్ని ఎందుకు పండిస్తారో, పీపాకు ఎందుకు దూరంగా ఉంచుతారో, మే నెలలో హైదరాబాద్ చేరేసరికి ఎందుకు డీలా పడుతుందో కూడా ఆ పులుపును బట్టే తెలుస్తుంది.

పులుపు గురించి తెలుగువాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. చింతపండు పులుపు వేరు, నిమ్మకాయ పులుపు వేరు, గోంగూర వేరు, పుల్లటి పెరుగు వేరు అని కళ్లు మూసుకుని చెప్పగలిగే నాలుకలు మనవి. ఆ తేడాల వెనక ఉన్న రసాయనాలకు పేర్లు తగిలిస్తే షాబ్లీ సగం అర్థమైపోయినట్టే. చింతపండులో పులుపు ప్రధానంగా టార్టారిక్ ఆమ్లం వల్ల. ఈ ఆమ్లం ఎక్కువగా ఉండే పండ్లు ప్రపంచంలో చాలా తక్కువ. వాటిలో ఒకటి చింత, ఇంకొకటి ద్రాక్ష. పచ్చి ఆపిల్‌లో ఉండే పులుపు మాలిక్ ఆమ్లం, ద్రాక్షలో అదీ ఉంటుంది.

ఈ రెండూ ఒకేలా ప్రవర్తించవు. మామిడికాయ పండేకొద్దీ పులుపు పోయి తియ్యబడుతుంది. కాయ తనలోని సిట్రిక్, మాలిక్ ఆమ్లాలను శ్వాస కోసం ఖర్చు చేసేస్తుంది. చింతకాయ మాత్రం పండినా, ఎండినా, డబ్బాలో ఏడాదిపాటు ఉన్నా పులుపు వదలదు. టార్టారిక్ ఆమ్లం అంత తేలిగ్గా ఖర్చు కాదు. ద్రాక్ష పండులో మామిడి గుణం, చింత గుణం రెండూ ఉన్నాయి. టార్టారిక్ దాదాపు అలాగే ఉంటుంది, మాలిక్ వేడికి కరిగిపోతుంది. పగలు ఎండ, రాత్రి ఉక్క ఉన్న చోట ద్రాక్ష రాత్రంతా మాలిక్ ఆమ్లాన్ని తగలేస్తూనే ఉంటుంది. రాత్రి చల్లబడిపోయే చోట ఆ ఖర్చు నెమ్మదిస్తుంది. పగలు ఎండలో తీపి చేరుతుంది, రాత్రి చలిలో పులుపు దాగుతుంది. చలి ప్రాంతపు వైన్ అంటే రహస్యం అంతే.

ఎంత చలి అనేదానికి ఒక లెక్క ఉంది. కాలిఫోర్నియాలో అమెరిన్, వింక్లర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1944లో ప్రచురించిన పద్ధతి అది. పది డిగ్రీల సెల్సియస్ కన్నా తక్కువలో ద్రాక్ష తీగ పెద్దగా పని చేయదు కాబట్టి, ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా రోజుకు పదికి పైన ఎన్ని డిగ్రీల సగటు వేడి ఉందో కూడుతూ పోతారు. మొత్తం సుమారు 1,390 లోపు ఉంటే అది మొదటి తరగతి, అంటే అతి చల్లటి ప్రాంతం. షాబ్లీ ఆ తరగతిదే. హైదరాబాద్‌కు అదే లెక్క వేస్తే 3,500 దాటిపోతుంది. అక్కడి తీగ ఏడు నెలల్లో పోగుచేసుకునే వేడి ఇక్కడ మండు వేసవి మొదలుకొని మూడు నెలలు తిరక్కుండానే వచ్చిపడుతుంది.

అలాగని హైదరాబాద్‌కు ద్రాక్ష పరాయిది కాదు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఇక్కడ వేళ్లూనుకున్న అనాబ్-ఎ-షాహీ రకం దేశమంతా పేరు తెచ్చుకుంది. శంషాబాద్, మేడ్చల్ వైపు ఒకప్పుడు పందిళ్ల కింద ద్రాక్ష గుత్తులు తల తగిలేంత కిందికి వేలాడేవి. రాజేంద్రనగర్‌లో ద్రాక్ష మీద పరిశోధనా కేంద్రం ఇప్పటికీ ఉంది. అయితే దక్కన్‌లో ద్రాక్ష బతుకు తీరే వేరు. యూరప్‌లో చలికాలం వస్తే తీగ ఆకులు రాల్చి నిద్రపోతుంది, వసంతంలో దానంతట అది లేస్తుంది. ఇక్కడ నిద్రపోయేంత చలి ఉండదు, అందుకే రైతు ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తాడు. ఏప్రిల్ కత్తిరింపు కొమ్మ కోసం, అక్టోబరు కత్తిరింపు కాయ కోసం. కాయ పండేది ఫిబ్రవరి, మార్చి నెలల్లో. అంటే సరిగ్గా ఎండలు ముదిరే సమయంలోనే. తీపి బాగా పడుతుంది, రసం బాగా ఊరుతుంది, పులుపు జారిపోతుంది. తినడానికి అంతకంటే ఏం కావాలి! వైన్‌కైతే అదే లోటు. నాసిక్ వాళ్లు చల్లటి రాత్రుల్ని నమ్ముకుని, కాస్త ముందే కోసి ఈ చిక్కును చాలావరకు దాటారు. మన పందిరి ద్రాక్ష మాత్రం బండి మీద బుట్టలో పెట్టి అమ్మడానికే పుట్టింది. అందులో తక్కువతనమేమీ లేదు.

షాబ్లీ అనేది ఒక చిన్న ఊరు. పారిస్‌కు ఆగ్నేయంగా 180 కిలోమీటర్ల దూరంలో, సెరాన్ అనే చిన్న ఏటి ఒడ్డున ఉంది. పరిపాలనా లెక్కల్లో బర్గండీ ప్రాంతంలోకి వస్తుంది గానీ, బర్గండీ పెద్ద ద్రాక్షతోటల కంటే షాంపేన్ తోటలే దానికి దగ్గర. దగ్గర్లోని పొంటిన్యీలో 1114లో వెలసిన మఠం సన్యాసులు ఇక్కడ తోటలు పెంచారు. తర్వాత శతాబ్దాల్లో దగ్గర్లోని యోన్ నది మీదుగా పారిస్‌కు వైన్ వెళ్లేది. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో తీగ వేళ్లను తినేసే ఫిలోక్సెరా పురుగు, రైళ్లలో వచ్చిపడిన చవక దక్షిణాది వైన్లు కలిసి ఆ వైభవాన్ని ఊడ్చేశాయి. 1950ల నాటికి మిగిలింది అయిదు వందల హెక్టార్లు. ఇప్పుడది అయిదు వేల అయిదు వందలు దాటింది. ఒకే ఒక్క రకం ద్రాక్ష, షార్డొనే. "నాకు షార్డొనే పడదు, షాబ్లీ ఇవ్వండి" అని రెస్టారెంట్లలో అడిగేవాళ్లు అందుకే వెయిటర్లకు మంచి కాలక్షేపం.

షాబ్లీ వైన్‌లో కింది నుంచి పైకి నాలుగు మెట్లున్నాయి: పెతీ షాబ్లీ, షాబ్లీ, ప్రీమియె క్రూ, గ్రాండ్ క్రూ. పై మెట్టు గ్రాండ్ క్రూ మొత్తం ఏటికి కుడి ఒడ్డున ఒకే కొండవాలు మీద, నైరుతి ఎండ తగిలేలా ఉంటుంది. ఏడు తోట ముక్కలు, కలిపితే వంద హెక్టార్ల చిల్లర. హుస్సేన్ సాగర్‌లో నాలుగో వంతు కూడా రాదు.

అక్కడ చలి మంచిదే, మితిమీరితే మాత్రం ప్రాణం తీస్తుంది. ఏప్రిల్ మొదట్లో తీగ చిగురు వేస్తుంది. మే మధ్య దాకా ఏ రాత్రయినా ఉష్ణోగ్రత సున్నా కిందికి పోవచ్చు. మన దగ్గర మామిడి పిందె మీద వడగళ్లు పడితే రైతు ఎలా కూలబడతాడో, అక్కడ చిగురు మీద మంచు గడ్డకడితే అంతే. చిగురులో ఉన్న నీరు గడ్డకట్టి కణాలు పగిలిపోతాయి, తెల్లారేసరికి నల్లగా మాడినట్టవుతుంది. 1957లో అలా పంట దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. 2016, 2017, 2021లలో మళ్లీ దెబ్బ మీద దెబ్బ పడింది. 2021లో మార్చి చివర్లో ఎండ పాతిక డిగ్రీల దాకా పోయి చిగుళ్లను తొందరపెట్టింది, వారం తిరక్కుండా సున్నాకు అయిదారు డిగ్రీల కిందికి దిగి చంపేసింది.

ఆ రాత్రుల్లో తోటల్లో జరిగేది చూడాల్సిందే. వరుసల మధ్య పెయింట్ డబ్బాల్లాంటి రేకు డబ్బాలు పెడతారు, నిండా పారాఫిన్ మైనం. ఎకరానికి వందకు పైనే. థర్మామీటర్ సున్నాకు జారుతుంటే అర్ధరాత్రి దాటాక, తెల్లవారుజామున ఇంటిల్లిపాదీ లేచి ఒక్కొక్కటీ వెలిగిస్తారు. కొండవాలంతా దీపాలు పెట్టినట్టు ఉంటుంది. ఫోటోల్లో చూస్తే దీపావళే, దగ్గరకెళితే పొగ, మసి, కాళ్లు కొంకర్లు. వెలిగించిన ప్రతి గంటా ఖర్చే, అందుకే ఎప్పుడు వెలిగించాలన్నదే పెద్ద టెన్షన్. ముందే వెలిగిస్తే తెల్లవారక ముందే మైనం అయిపోతుంది, ఆలస్యమైతే చిగురు పోతుంది.

రెండో పద్ధతి ఇంకా వింతగా ఉంటుంది. మంచు నుంచి కాపాడటానికి చిగుళ్ల మీద నీళ్లు చల్లుతారు. రాత్రంతా స్ప్రింక్లర్లు తిరుగుతూనే ఉంటాయి, నీళ్లు పడ్డచోటల్లా గడ్డకడుతుంది, పొద్దున చూస్తే ప్రతి చిగురూ గాజు తొడుగులో ఉన్నట్టు మెరుస్తుంటుంది. చంపడానికే చేశారేమో అనిపిస్తుంది. జరిగేది వేరు. నీరు గడ్డకట్టేటప్పుడు గ్రాముకు 80 కేలరీల వేడి బయటికి వదులుతుంది. పైన పొర మీద పొర గడ్డకడుతున్నంతసేపూ ఆ వేడి లోపలి చిగురుకు అందుతూ, దాన్ని సున్నా దగ్గరే నిలబెడుతుంది. చిగురు సున్నాను ఓర్చుకోగలదు, మైనస్ నాలుగును ఓర్చుకోలేదు. చిక్కల్లా ఒక్కటే, మొదలుపెట్టాక ఆపకూడదు. మధ్యలో పంపు ఆగిపోతే తడి మంచు ఆవిరవుతూ ఉన్న కాస్త వేడినీ లాగేసుకుంటుంది, అసలు చల్లకపోయినా బాగుండేదనిపిస్తుంది. బేన్ అనే పక్క ఊళ్లో ఈ నీళ్ల కోసమే ఒక చెరువు తవ్వించుకున్నారు.

భూమి వేడెక్కుతోంది కాబట్టి ఈ బాధ తగ్గాలి కదా అంటే, తగ్గలేదు. శీతాకాలాలు మెత్తబడటంతో చిగురు ముందే వస్తోంది, ఏప్రిల్ మంచు మాత్రం తన వేళకు తాను వస్తూనే ఉంది. ఇంకో చివర కోతలు ముందుకు జరిగాయి. ఒకప్పుడు అక్టోబరు దాకా సాగే కోత ఇప్పుడు సెప్టెంబరు పని. 2003లో, 2020లో ఆగస్టులోనే మొదలైంది. ఆగస్టు వేడిలో పండిన ద్రాక్షలో మాలిక్ ఆమ్లం సంగతి పైన చెప్పుకున్నదే.

ఇక నేల. షాబ్లీ గురించి ఎవరు చెప్పినా ముందు చెప్పేది ఆల్చిప్పల కథ. సుమారు పదిహేను కోట్ల ఏళ్ల కిందట అక్కడ వెచ్చటి లోతులేని సముద్రం ఉండేది. దాని అడుగున పేరుకున్న సున్నపు బంకమట్టిలో గోరంత ఆల్చిప్పలు కోట్లలో ఇరుక్కుపోయాయి. ఇప్పటికీ తోటలో ఓ రాయి తీసి చూస్తే కామా గుర్తులా వంకర తిరిగిన చిప్పలు కనిపిస్తాయి. ఇంగ్లండ్ తీరంలోని కిమ్మెరిడ్జ్ అనే పల్లె పేరు మీద ఆ నేలను కిమ్మెరిడ్జియన్ అంటారు. అక్కడి నుంచి కథ ఒక్క గెంతు గెంతుతుంది: అందుకే ఈ వైన్‌లో సముద్రం రుచి ఉంటుందట, తడి రాయి వాసన వస్తుందట, ఆల్చిప్పలతోనే తాగాలట.

ఈ గెంతు దగ్గరే ఆగాలి. ద్రాక్ష వేరు రాయిని నమలదు. నేలలోంచి అది తీసుకునేది నీళ్లలో కరిగిన పొటాషియం, కాల్షియం లాంటి పోషకాలను. అవి వైన్‌లో ఉండే మోతాదు నాలుకకు తగిలేంత కాదు. రాయికి స్వతహాగా వాసనా లేదు, రుచీ లేదు. వానకు తడిసిన బండ మీద వచ్చే వాసన బండది కాదు, దాని మీద ఉన్న సూక్ష్మజీవులది, నూనెలది. వేల్స్‌కు చెందిన భూగర్భ శాస్త్రవేత్త అలెక్స్ మాల్ట్‌మన్ ఏళ్ల తరబడి వైన్ రాతలు రాసేవాళ్లకు ఇదే చెబుతూ వచ్చాడు. మరి తాగినప్పుడు తోచే ఆ "రాతి" భావన అబద్ధమా? కాదు. పులుపు ఎక్కువై, పండు వాసన తక్కువై, తీపి అసలు లేకపోతే మెదడు దానికి దగ్గరి పోలిక వెతుక్కుంటుంది. పులియడంలో పుట్టే కొన్ని గంధక పదార్థాలు చెకుముకి రాయి రాజేసిన వాసనకు దగ్గరగా ఉంటాయి. నేల చేసే మేలు వేరే ఉంది. ఆ సున్నపు బంకమట్టి వాన నీటిని పూర్తిగా జారనివ్వదు, అలాగని నిలవనివ్వదు. తీగకు దప్పిక తీరేంత ఇస్తుంది, బలిసేంత ఇవ్వదు. ఆల్చిప్పల కథ అందంగా ఉంటుంది, లేబుళ్లు అమ్ముడుపోవడానికి బాగా పనికొస్తుంది, అక్కడితో వదిలేయవచ్చు.

ఉగాది పచ్చడిలో ఆరు రుచులు లెక్కపెట్టే అలవాటున్నవాళ్లకు ఓక్ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. తెల్ల వైన్ తయారీలో ద్రాక్షను పిండి, తొక్కల్ని ముందే తీసేసి రసాన్నే పులియబెడతారు. తొక్కలు, గింజలు లేవు కాబట్టి వగరు లేదు. చక్కెర అంతా ఈస్ట్ తినేస్తుంది, లీటరుకు రెండు మూడు గ్రాములు కూడా మిగలదు కాబట్టి తీపి లేదు. కారం, చేదు ఎలాగూ లేవు. మిగిలింది పులుపు, ఎక్కడో లీలగా ఉప్పదనం లాంటిది. ఆ రసాన్ని కొత్త ఓక్ పీపాలో పెడితే రుచుల పట్టీ మారిపోతుంది. చెక్కలోంచి వగరు దిగుతుంది. పీపా లోపలి భాగాన్ని నిప్పు మీద కాల్చి చేస్తారు కాబట్టి పొగ, కాల్చిన రొట్టె వాసన వస్తుంది. చెక్కలోనే ఉండే మరికొన్ని పదార్థాలు వెనిలా, ఎండుకొబ్బరి, లవంగం వాసనలు ఇస్తాయి. చెక్క రంధ్రాల్లోంచి గాలి కొద్దికొద్దిగా లోపలికి పోయి వైన్‌ను గుండ్రంగా, బరువుగా చేస్తుంది. వేడి ప్రాంతపు షార్డొనేకు ఇది నప్పుతుంది, దానికి పండు బలం ఉంది కాబట్టి మోయగలదు. షాబ్లీ లాంటి సన్నటి వైన్ మీద అంత మసాలా వేస్తే కింద ఉన్నది కనపడదు.

అందుకే స్టీలు ట్యాంకు. ఆవకాయను జాడీలోనే ఎందుకు పెడతారో తెలిసిన ఇంటికి ఈ తర్కం వేరే చెప్పక్కర్లేదు. పాత్ర తన రుచిని సరుకుకు అంటించకూడదు. స్టీలు ట్యాంకుకు ఇంకో సౌకర్యం, చుట్టూ చల్లటి నీళ్లు తిప్పి పదిహేను, పద్దెనిమిది డిగ్రీల దగ్గర నెమ్మదిగా పులియబెట్టవచ్చు. పులియడం వేడెక్కిపోతే సున్నితమైన వాసనలు గాలిలో కలిసిపోతాయి. డబ్బు లెక్క కూడా ఉంది. బర్గండీ పీపాలో 228 లీటర్లు, అంటే మూడు వందల సీసాలు పడతాయి. కొత్త పీపా ధర వెయ్యి యూరోల దరిదాపుల్లో ఉంటుంది, మూడు నాలుగేళ్లకు దాని వాసన అయిపోతుంది. ట్యాంకు దశాబ్దాలు పనిచేస్తుంది. ఓక్ వద్దనుకోవడంలో సిద్ధాంతం ఎంతో, పొదుపు కూడా అంతే ఉంది. ఆ రెండో మాట ఎవరూ లేబుల్ మీద రాయరు.

ఇక్కడ ఒక మెలిక. స్టీలు ట్యాంకుల కాలానికి ముందు షాబ్లీ వాళ్లందరూ పీపాలే వాడారు, ఫ్యయెట్ అనే 132 లీటర్ల చిన్న పీపా ఆ ఊరి సొంతం. అవి పాతబడి వాసన వదిలిన పీపాలు, వాటి పని సరుకు మోయడమే. ఇప్పటికీ గ్రాండ్ క్రూ చేసే పేరున్న తయారీదారులు కొందరు పాత పీపాలే వాడతారు. కాబట్టి "షాబ్లీ అంటే ఓక్ లేనిది" అనే సూత్రం కింది రెండు మెట్లకు చాలావరకు నిజం, పైకి పోయేకొద్దీ అడిగి తెలుసుకోవాల్సిందే. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ సీసాల మీద "అన్‌ఓక్డ్" అని రాస్తారు, ఫ్రెంచ్ సీసా మీద అది ఉండదు. ఇక అమెరికాలో ఏళ్ల తరబడి ఏ ద్రాక్షతో చేసిన చవక తెల్ల వైన్‌నైనా పెద్ద జగ్గుల్లో పోసి "షాబ్లీ" అని అమ్మారు. 2006లో యూరప్‌తో ఒప్పందం కుదిరినా పాత బ్రాండ్లకు ఆ పేరు వాడుకునే వీలు మిగిలింది. అక్కడి చుట్టాల ఇంట్లో తాగిన షాబ్లీ తియ్యగా ఉందని ఎవరైనా అంటే నమ్మవచ్చు.

ట్యాంకులో ఇంకో మార్పు జరుగుతుంది, అది మనకు బాగా తెలిసినదే. వైన్ పులిశాక ఒక రకం బాక్టీరియా మాలిక్ ఆమ్లాన్ని లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. లాక్టిక్ అంటే పెరుగులో పులుపు. పచ్చి ఆపిల్ కొరికినట్టుండే పదును పెరుగు పులుపులోకి మెత్తబడుతుంది. షాబ్లీలో దాదాపు అందరూ దీన్ని జరగనిస్తారు, లేకపోతే కొన్ని ఏళ్ల పంట నోట్లో పెట్టుకోలేనంత పుల్లగా ఉంటుంది. ఈ మార్పులోనే వెన్న వాసన కూడా పుడుతుంది, కానీ వైన్‌ను ఈస్ట్ మడ్డి మీదే కొన్ని నెలలు ఉంచితే ఆ మడ్డి వెన్న వాసనను చాలావరకు మింగేస్తుంది. కల్లు తాగిన అనుభవం ఉన్నవాళ్లకు ఒక పోలిక తట్టవచ్చు: పొద్దుటి కల్లు తియ్యన, సాయంత్రం కల్లు పుల్లన. ఆ పులుపు మాత్రం పూర్తిగా బాక్టీరియా పని, గంటగంటకూ పెరుగుతుంది, చివరికి వెనిగర్ దారి పడుతుంది. షాబ్లీ పులుపు చెట్టు మీదే వచ్చింది. కాలం గడిచేకొద్దీ పెరగదు.

ఇంత జాగ్రత్తగా దాచిన పులుపు హైదరాబాద్ చేరేసరికి చాలా చేతులు మారుతుంది. ముందు ధర. దిగుమతి వైన్ మీద కేంద్రం సుంకం ఏళ్ల తరబడి 150 శాతం ఉంటూ వచ్చింది. అక్కడ పన్నెండు, పదిహేను యూరోలకు కిరాణా సరుకుతో పాటు కొనుక్కునే మామూలు సీసా, సుంకానికే రెండున్నర రెట్లయి, దాని మీద రాష్ట్ర పన్నులు, దిగుమతిదారు, షాపు వాటాలు కలిసి ఇక్కడ పెళ్లిరోజుకో ప్రమోషన్‌కో కొనే వస్తువవుతుంది. ఫారిన్ నుంచి వచ్చేవాళ్లు శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ డ్యూటీఫ్రీలో తెచ్చే రెండు లీటర్ల కోటాలో వైన్‌కు చోటు దొరకడం కష్టం, అక్కడా విస్కీదే రాజ్యం.

ధర కంటే పెద్ద సమస్య వేడి. ఓడలో కంటైనర్, ఓడరేవులో ఎండ, లారీ, గోడౌన్, షాపు అర, ఇంటి అల్మరా. పది డిగ్రీలు పెరిగితే రసాయన చర్యల వేగం దాదాపు రెట్టింపవుతుందనేది మోటు లెక్క. పన్నెండు డిగ్రీల నేలమాళిగలో ఏళ్ల తరబడి పట్టే ముసలితనం ముప్పై అయిదు డిగ్రీల గదిలో కొన్ని నెలల్లో వచ్చేస్తుంది. ఓక్‌లో పెరిగిన వైన్‌కైతే పొగ, వెనిలా ముసుగు ఉంటుంది, కాస్త అలిసినా పైకి తెలియదు. స్టీలులో చేసిన షాబ్లీకి దాచుకోడానికి ఏమీ లేదు. పులుపు ఆమ్లంగా అందులోనే ఉంటుంది, కానీ దానికి తోడుండే నిమ్మతొక్క, పచ్చి ఆపిల్ వాసనలు పోయి చప్పటి పులుపు మిగులుతుంది. గ్లాసులో పోస్తే లేత ఆకుపచ్చ మెరుపుండే గడ్డిరంగుకు బదులు తేనెరంగు కనిపిస్తే, బిరడా సీసా అంచు దాటి కాస్త పైకి తన్నుకొచ్చి ఉంటే, ఆ సీసా ఎక్కడో ఉడికిందని అర్థం. కొనేటప్పుడు పంట సంవత్సరం చూసి మామూలు షాబ్లీ అయితే రెండు మూడేళ్ల లోపుది, వీలైతే ఏసీ ఉన్న షాపులో, మే కంటే డిసెంబర్‌లో కొనడం మేలు.

ఇంటికొచ్చాక జరిగే పొరపాటు దీనికి తిరగబడ్డది. ఫ్రిజ్‌లో నాలుగు డిగ్రీల్లో రాత్రంతా ఉంచి, గ్లాసులో ఐస్ కూడా వేస్తారు. అంత చల్లగా ఉంటే వాసన పైకి లేవదు, నాలుక మొద్దుబారుతుంది, పులుపు ఒక్కటే సూదిలా గుచ్చుతుంది. దీనికి సరైన వేడి పది, పదకొండు డిగ్రీలు. మే సాయంత్రం డైనింగ్ టేబుల్ మీద పెట్టి చూస్తే గాజు మీద చెమట పట్టి బొట్లు జారడం మొదలవుతుంది. పది, పదిహేను నిమిషాలకు ఆ చెమట కింద టేబుల్ మీద ఉంగరంలా గుండ్రటి తడి మరక కడుతుంది. పోసుకోడానికి సమయం అదే. ఇంకో అరగంటకు మళ్లీ ఫ్రిజ్‌లోకి పోవాలి, లేకపోతే గోరువెచ్చని పులుసు తాగినట్టుంటుంది.

తిండి విషయంలో ఆల్చిప్పల సలహా హైదరాబాద్‌లో ఎందుకూ పనికిరాదు. పనికొచ్చే సూత్రం ఒకటుంది: తినేదాని కంటే తాగేది పుల్లగా ఉండాలి. చేపల పులుసుతో షాబ్లీ తాగితే చింతపండు ముందు అది నీళ్లలా తోస్తుంది. గోంగూర మాంసం, పచ్చిపులుసు కూడా అంతే. ఈ పోటీలో మన వంటకు ఓటమి లేదు. మిర్చీ కా సాలన్‌తోనూ వద్దు. పచ్చిమిర్చి మంటను ఆల్కహాల్ పెంచుతుంది, తీపి ఉంటే అది కాస్త అడ్డుకునేది, ఇందులో అది లేదు. బిర్యానీకి బీరే నయం, లేదా జర్మనీ వాళ్ల కాస్త తియ్యటి రీస్లింగ్. షాబ్లీ నిజంగా రాణించేది ఉప్పు, నూనె, కరకర ఉన్నచోట. కొరమీను ముక్కలకు ఉప్పు, పసుపు, మిరియాలు పట్టించి పెనం మీద వేయిస్తే, నిమ్మకాయ పిండాల్సిన పని వైన్ చేసిపెడుతుంది. రొయ్యల వేపుడు, నెయ్యి పెసరట్టు అల్లం పచ్చడి లేకుండా, వేయించిన జీడిపప్పు. ఇంకా చెప్పాలంటే జంతికలు. బార్లలో మంచింగ్ అనేదానికి ఇంతకంటే తగినది దొరకదు: పిండి, నూనె, వాము, ఉప్పు నోట్లో పరుచుకున్నాక ఒక గుక్క పడితే నోరు కడిగినట్టయి ఇంకో జంతికకు సిద్ధమవుతుంది.

సగం తాగిన సీసాను ఫ్రిజ్‌లో పెట్టి రెండు రోజుల తర్వాత తీస్తే, అడుగున ఒక్కోసారి పంచదార పలుకుల్లాంటివి మెరుస్తూ కనిపిస్తాయి. గాజు పెంకులేమోనని భయపడి సింకులో పారబోసినవాళ్లున్నారు. చలికి వైన్‌లోంచి విడిపోయిన పొటాషియం బైటార్టరేట్ అది, టార్టారిక్ ఆమ్లపు లవణం. ఒక పలుకు వేలికి అంటించుకుని నాలుక మీద పెట్టుకుంటే కాసేపు ఇసుకలా తగిలి, కరిగేటప్పుడు పుల్లగా ఉంటుంది. ఆ పులుపు వంటింట్లో చింతపండు డబ్బాలో ఉన్నదే.